గుఱ్ఱమునకు భయపడిన బాలుడు

1908వ సంవత్సరము జనవరి నెల. ఆస్ట్రియా రాజధానియైన వియన్నాలో, అయిదేండ్లు ఇంకను నిండని ఒక బాలుడు దాదితో కలసి ఉద్యానవనమునకు బయలుదేరెను. అది వానికి అలవాటైన త్రోవయే. కాని ఆనాడు నడివీధిలో ఏడ్పు మొదలుపెట్టి, ఇంటికి తీసికొనిపొమ్మని, అమ్మ దగ్గర ఉందునని మారాము చేసెను. మరునాడు తల్లియే స్వయముగా వెంటబెట్టుకొని వెళ్ళెను. అప్పుడును వాని భయము తీరలేదు. ఇంటికి మరలి వచ్చుచు, చాలసేపు తటపటాయించి, గుఱ్ఱము తనను కరచునేమోనని భయముగా ఉన్నదని చెప్పెను.

మోటారుబండ్లు ఇంకను అరుదుగా ఉన్న రోజులవి. వియన్నా వీధులు గుఱ్ఱపుబండ్లతో నిండి ఉండెడివి. పైగా ఆ బాలుని ఇంటికి ఎదురుగనే సరకుల గిడ్డంగి ఒకటి ఉండుటచేత, బరువుబండ్లు దాని వాకిట ఎడతెగక వచ్చుచు పోవుచు ఉండెడివి. అట్టి చోట గుఱ్ఱమునకు భయపడుట యనగా గడప దాటకుండుటయే.

ఈ బాలుడు మనశ్శాస్త్ర చరిత్రలో ‘చిన్న హాన్స్’ అను మారుపేరుతో ప్రసిద్ధుడు. అసలు పేరు హెర్బర్ట్ గ్రాఫ్. తండ్రి మాక్స్ గ్రాఫ్ సంగీత విమర్శకుడు. మనోవిశ్లేషణ శాస్త్రమును స్థాపించిన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు మిత్రుడు. తల్లి వివాహమునకు పూర్వము ఫ్రాయిడ్ వద్ద చికిత్స పొందినది. బాలుని మూడవ పుట్టినరోజున ఫ్రాయిడ్ ఒక ఊగుడు గుఱ్ఱపు బొమ్మను కానుకగా తెచ్చి, నాలుగంతస్తుల మెట్లు తానే మోసుకొని ఎక్కెనని తండ్రి తరువాత వ్రాసెను. ఆ బొమ్మ గుఱ్ఱముపై ఊగిన బాలుడే రెండేండ్లు తిరుగకముందే నిజమైన గుఱ్ఱమును చూచి వణకిపోయెను.

చిన్నపిల్లల భయములు కొత్తవి కావు. చీకటికి, ఉరుమునకు, బూచివానికి భయపడని బిడ్డ ఉండదు. మూడు నాలుగు నెలలలో వాటంతట అవియే పోవు భయములే ఎక్కువ. ఒక్క పసివాని భయమును గురించి నూరేండ్లకు పైగా పండితులు వాదించుకొనుటకు కారణమేమి? ఆ భయములో ఒక పెద్ద ప్రశ్న ఇమిడియున్నది. బాల్యములో జరిగినది పెద్దవాని మూర్తిమత్వమును నిర్ణయించునా? నిర్ణయించినచో, ఏది నిర్ణయించును?

ఫ్రాయిడ్ వాదము

ఫ్రాయిడ్ నాడీ వ్యాధుల వైద్యుడు. ఆయన వద్దకు వచ్చు రోగులలో కొందరికి శరీరములో లోపమేదియు కనబడకున్నను కాలు చేయి స్వాధీనము తప్పుట, గొంతు పూడుకొనిపోవుట, అకారణముగా భయములు కలుగుట మొదలగు బాధలు ఉండెడివి. రోగిని సోఫాపై పడుకొనబెట్టి, మనస్సునకు తోచిన దానిని తోచినట్లు, మంచి చెడ్డ ఎంచక చెప్పుమని ఆయన కోరెడివాడు. ఆ మాటల త్రోవను పట్టుకొని వెనుకకు పోయిన కొలది, అది తరచుగా బాల్యమునకు చేరెడిది.

దీనినిబట్టి ఆయన ఒక సిద్ధాంతమును కట్టెను. మరచిపోయిన దెల్ల నశించినది కాదు. మనస్సు భరించలేని కోరికలను, అవమానములను, భయములను బలవంతముగా లోపలికి నెట్టివేయును. ఇది అణచివేత. అట్లు నెట్టబడినవి అచేతనమను చోట నివురుగప్పిన నిప్పువలె నిలిచియుండి, కలలలో, నోరు జారిన మాటలలో, రోగలక్షణములలో, చివరకు మనిషి స్వభావములో మారువేషముతో బయటపడును.

1905లో ప్రకటించిన గ్రంథములో ఆయన బాల్యమును దశలుగా విభజించుటకు ఆరంభించెను. తరువాత వాటిని విస్తరించెను. మొదటిది నోటితో పాలు కుడిచి సుఖించు దశ. రెండవది మలమూత్రములను అదుపులో ఉంచుకొనుట నేర్చు దశ. మూడవది మూడేండ్లకు పైబడిన తరువాత తలిదండ్రులలో ఒకరిపై మక్కువ, మరియొకరిపై పోటీభావము పెరుగు దశ. ఏ దశలో బిడ్డకు అతిగా తృప్తి కలిగినను, అతిగా నిర్బంధము కలిగినను, మనస్సులో కొంత భాగము అచ్చటనే చిక్కుపడి పోవునని, పెద్దయిన తరువాత అది స్వభావముగా కనబడునని ఆయన మతము. పైసా విడువని లోభత్వము, ప్రతి వస్తువును దాని చోట పెట్టితీరవలెనను పట్టుదల, మొండితనము — ఈ మూడును రెండవ దశకు చెందినవని 1908లో ఒక వ్యాసము వ్రాసెను. ఈ మూడు గుణములు ఒకే మనిషిలో తరచుగా జతపడుట వాస్తవమే. కాని మలవిసర్జన శిక్షణకును వాటికిని గల సంబంధమును తరువాతి పరిశోధకులు ఎంత వెదకినను దృఢమైన సాక్ష్యము దొరకలేదు.

మూడవ దశయే ఆయనకు అన్నిటికంటె ముఖ్యము. తెలియక తండ్రిని చంపి తల్లిని వివాహమాడిన గ్రీకు రాజు ఈడిపస్ పేరు దానికి పెట్టెను. మగబిడ్డ తల్లిని తనకే దక్కించుకొనగోరును. అడ్డుగా ఉన్న తండ్రి లేకున్న బాగుండునని తలచును. అంతలోనే తండ్రి తనను శిక్షించునని భయపడును. ఆ భయము వలన కోరికను విడిచి, తండ్రి ఆజ్ఞలను తనలోనికే తీసికొనును. అంతరాత్మ యని లోకులు చెప్పునది ఇట్లు పుట్టినదే. ఇది అందరికిని వర్తించునని ఫ్రాయిడ్ నమ్మకము. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును నెలకొల్పిన గిరీంద్రశేఖర బోస్ మాత్రము, ఈ గ్రంథి లక్షణములు కొన్ని ఐరోపా రోగులలో కనబడినంత స్పష్టముగా తన భారతీయ రోగులలో కనబడుట లేదని ఫ్రాయిడ్‌కు తెలియజేసెను.

ఈ సిద్ధాంతమున కంతకును ఒక పెద్ద లోపము ఉండెను. బాల్యమును గురించి చెప్పుచున్నను, దానికి ఆధారము పెద్దవారి జ్ఞాపకములు. ఇది ఫ్రాయిడ్‌కు తెలియని సంగతి కాదు. కావుననే మిత్రులను, శిష్యులను తమ తమ బిడ్డలను గమనించి, చూచినది వ్రాసిపెట్టుడని ఆయన కోరెను. మాక్స్ గ్రాఫ్ ఆ పనిని శ్రద్ధతో చేసెను. కుమారునికి మూడేండ్లు నిండకముందునుండియే వాని మాటలను, ప్రశ్నలను, కలలను వ్రాసి పంపుచుండెను. అంతలో ఈ గుఱ్ఱపు భయము వచ్చిపడినది.

హాన్స్ భయమునకు కొన్ని వివరములు ఉండెను. అన్ని గుఱ్ఱములును వానికి సమానము కావు. బరువుబండ్లను లాగు పెద్ద గుఱ్ఱములు మరింత భయంకరములు. కన్నులకు గంతలు, నోటిచుట్టు నల్లని పట్టెడ ఉన్న గుఱ్ఱమనిన ఇంకను భయము. గుఱ్ఱము కూలిపడునేమో యనియు భయమే. అంతకుముందొకనాడు తల్లితో పోవుచుండగా, ఒక పెద్ద ప్రయాణీకుల బండి గుఱ్ఱము వాని కన్నులయెదుట కూలి, కాళ్ళు తన్నుకొనినది. అది చచ్చిపోయినదని వాడు తలచెను.

ఫ్రాయిడ్ చికిత్స యంతయు తండ్రి ద్వారమున ఉత్తరములతోనే నడిపెను. బాలుని ఎదుట కూర్చుండబెట్టుకొని మాటలాడినది 1908 మార్చి 30న ఒక్కమారే. ఆనాడు తండ్రీకొడుకులను ప్రక్కప్రక్కన చూచినపుడు ఆయనకు ఒక ఆలోచన తోచెను. గుఱ్ఱపు గంతలు తండ్రి కండ్లజోడు. నోటిచుట్టు నలుపు తండ్రి మీసము. గుఱ్ఱము తండ్రియే! తల్లిపై అంత ప్రేమ ఉన్నందున తండ్రికి కోపము వచ్చునని హాన్స్ భయపడుచున్నాడని, ఆ సంగతి వాడు పుట్టకముందే తనకు తెలియునని ఫ్రాయిడ్ వానితో చెప్పెను. ఇంటికి పోవుచు హాన్స్ తండ్రిని ఒక ప్రశ్న అడిగెను: ఈ ప్రొఫెసరుగారికి అన్నియు ముందే ఎట్లు తెలియును, ఈయన దేవునితో మాటలాడునా యని.

మే నెల నాటికి వాని భయము సడలెను. 1909లో ఫ్రాయిడ్ ఈ వృత్తాంతమును సుదీర్ఘముగా ప్రకటించెను. పెద్దవారి జ్ఞాపకములనుండి తాను ఊహించినది ఒక బిడ్డయందు ప్రత్యక్షముగా రుజువైనదని ఆయన సంతోషము.

రుజువైనదా? ఆ గ్రంథమును నిదానముగా చదువువారికి మొదట తట్టునది తండ్రి ప్రశ్నల ధోరణి. ఆయన అడుగు ప్రశ్నలలోనే జవాబు దాగియుండును. బాలుడు కాదనినను మరల మరల అడుగును. వాడు తనంతట చెప్పలేని అనేక విషయములను వానికి అందించవలసి వచ్చెనని ఫ్రాయిడ్ స్వయముగా ఒప్పుకొనెను. ఆ నిజాయితీ మెచ్చదగినదే. కాని పరీక్షలో జవాబును తానే అందించి, విద్యార్థి సరిగా వ్రాసెనని సంతసించు ఉపాధ్యాయునకు మార్కుల పట్టిక ఏమి చెప్పగలదు?

1960లో జోసెఫ్ ఓల్ప్, స్టాన్లీ రాక్‌మన్ అను ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు ఈ వృత్తాంతమును పూర్తిగా విమర్శించిరి. హాన్స్ తన భయమునకు తానే ‘వెఱ్ఱి’ అను అర్థము వచ్చు పేరు పెట్టుకొనెను. ఆ వెఱ్ఱి ఎప్పుడు పట్టుకొనినదని అడుగగా, బండి గుఱ్ఱము పడిపోయినప్పుడని వాడే చెప్పెను. ఆ సంఘటన జరిగిన మాట నిజమని తల్లియు సాక్ష్యమిచ్చెను. ఇంతకంటె కారణమేల వెదకవలెనని వారి ప్రశ్న. భయము అభ్యాసము వలన పుట్టవచ్చునని అప్పటికే తెలియును. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనువారు తొమ్మిది పదకొండు నెలల ప్రాయపు శిశువునకు తెల్లని ఎలుకను చూపుచు, అదే సమయమున వెనుక ఇనుప కడ్డీపై సుత్తితో పెద్ద చప్పుడు చేసిరి. కొన్ని మారులు అట్లు చేయగా చప్పుడు లేకున్నను ఎలుకను చూచియే శిశువు ఏడ్చుచు వచ్చెను. (అట్టి ప్రయోగము చేయుటకు నేడు ఏ విశ్వవిద్యాలయమును అనుమతించదు.) 1924లో మేరీ కవర్ జోన్స్ దీనికి తలక్రిందుగా, కుందేలునకు భయపడు పీటర్ అను బాలుడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా కుందేలును కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చి, భయమును పోగొట్టెను.

ఈ వివరణము సరళముగా ఉన్నది. గుఱ్ఱమే ఎందుకు, బండి లాగు గుఱ్ఱమే ఎందుకు అను ప్రశ్నలకు మీసము, కండ్లజోడు కంటె ఇది మేలైన జవాబు. కాని ఒక్క సంగతి మిగిలిపోయినది. మొదటి దినమున వీధిలో ఏడ్చినపుడు హాన్స్ గుఱ్ఱము మాట ఎత్తలేదు. అమ్మ కావలెనని ఏడ్చెను.

బౌల్బీ చూపిన మార్గము

ఆ ఏడ్పును పట్టించుకొనినవాడు జాన్ బౌల్బీ. ఇంగ్లండులో 1907లో పుట్టిన ఈయన కూడ మనోవిశ్లేషకుడే. సంపన్న కుటుంబములో పుట్టినందున, ఆనాటి ఆచారము ప్రకారము దాదుల చేతులలో పెరిగెను. ఎక్కువ ప్రేమతో సాకిన దాది ఆయనకు సుమారు నాలుగేండ్ల వయస్సులో ఇల్లు విడిచి పోయినది. తల్లి పోయినంత బాధ కలిగెనని ఆయన తరువాత చెప్పెను.

విశ్లేషకుడుగా శిక్షణ పొందు కాలములో, 1938 ప్రాంతమున, ఆయనకు చంచల స్వభావుడైన మూడేండ్ల బాలుని అప్పగించిరి. ఆ బిడ్డ తల్లి ఎంతో ఆందోళనతో ఉండెడిది. ఆమెతో మాటలాడవలెనని బౌల్బీ కోరగా, పర్యవేక్షకురాలైన మెలనీ క్లైన్ వలదనెను. ఆమె దృష్టిలో ముఖ్యమైనది బిడ్డ మనస్సులోని ఊహాలోకము. తల్లి ప్రవర్తన కాదు. మూడు నెలలకు ఆ తల్లికి మతి చలించి ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చెను. బిడ్డను తీసికొనివచ్చువారు లేక చికిత్స ఆగిపోయినందుకు క్లైన్ విసుగుకొనెనని, అంతకుమించి ఆమెకు పట్టలేదని బౌల్బీ వ్రాసెను. లోపలి ఊహకును బయటి సంఘటనకును గల పోరు ఇందులో తేటతెల్లమగుచున్నది.

1973లో ప్రకటించిన గ్రంథములో బౌల్బీ హాన్స్ వృత్తాంతమును మరల చదివెను. కొత్త సాక్ష్యము ఏదియు తేలేదు. ఫ్రాయిడ్ అచ్చువేసిన పుటలనే చూచెను. భయము మొదలగుటకు కొద్ది దినముల ముందు, అమ్మ లేకుండ పోయినట్లు కలగని హాన్స్ ఏడ్చుచు లేచెను. మూడున్నర ఏండ్ల వయస్సులో చెల్లెలు పుట్టినప్పుడు కొంతకాలము తల్లికి దూరమయ్యెను. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఒకనాటి ఉదయము హాన్స్ తండ్రి పడక దగ్గరకు వచ్చి, మీరు బయటికి పోయిన తిరిగి రారేమోనని భయమనెను. నేనెప్పుడైన అట్లు బెదిరించితినా యని తండ్రి అడిగెను. మీరు కాదు, అమ్మ అన్నది, అల్లరి చేసిన ఇంక తిరిగి రాననినది అని బాలుడు చెప్పెను. తండ్రి దానిని వ్రాసికొనెను. ఫ్రాయిడ్ దానిని అచ్చువేసెను. ఇద్దరును దానిని దాటి పోయిరి. వీధిలోనికి పోయి వచ్చునప్పటికి అమ్మ ఇంట ఉండదేమోనను భయమే మొదటిదని, గుఱ్ఱము తరువాత వచ్చి దానికి అతుకుకొనినదని బౌల్బీ అభిప్రాయము.

అన్నము తినని బిడ్డతో, బడికి పోనని మొండికేసిన బిడ్డతో, ‘నేను ఎక్కడికైన వెళ్ళిపోతాను, ఇంక రాను’ అని చెప్పు తల్లి తెలుగు ఇండ్లలోను అరుదు కాదు. పెద్దవారికి అది నోటిమాట. మూడేండ్ల బిడ్డకు అది మాటకు మాటయే. వానికి ఎత్తిపొడుపు తెలియదు, గడియారము తెలియదు. అయితే నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్తలు ఉన్న ఇంట ఆ మాట తగిలినను పట్టుకొనుటకు ఇంకొక కొంగు ఉండును. తల్లి ఒక్కతెయే సర్వస్వమన్నట్లు మొదట వ్రాసిన బౌల్బీ, బిడ్డ పలువురితో అనుబంధము పెంచుకొనగలదని తరువాత అంగీకరించెను.

ఊహించుట మాని కన్నులతో చూడవలెనను పట్టుదలకు మంచి ఉదాహరణము జేమ్స్ రాబర్ట్‌సన్ పని. ఈయన యుద్ధకాలములో అన్నా ఫ్రాయిడ్ నడిపిన శిశుగృహములో బాయిలరుకు బొగ్గు వేయు పనిలో చేరి, అచ్చట పిల్లలను చూచుట నేర్చినవాడు. ఆ కాలపు ఆంగ్ల వైద్యశాలలలో పిల్లల వార్డులకు తలిదండ్రులను రానిచ్చుట చాల తక్కువ. వారు వచ్చినచో పిల్లలు ఏడ్చుచున్నారు, రాకున్న బుద్ధిగా ఉన్నారు అని నర్సుల వాదము. రాబర్ట్‌సన్ కొద్ది ఖర్చుతో ఒక చలనచిత్రము తీసెను. 1952లో ప్రదర్శింపబడిన ఆ చిత్రములో రెండేండ్ల అయిదు నెలల లారా అను పాప బొడ్డు దగ్గర చిన్న శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆస్పత్రిలో ఉండును. ఏడ్చిన క్షణములనే ఏరి చూపెనని ఎవరును అనకుండుటకు, నియమిత సమయములలోనే చిత్రము తీసి, గోడ గడియారమును కూడ చిత్రములో చూపెను. లారా పెద్దగా ఏడ్చు పిల్ల కాదు. పెదవి బిగించి ఊరకుండును. తల్లి వచ్చినపుడు ముఖము త్రిప్పుకొనును. ఇంటికి పోవునాడు తన వస్తువులను అన్నిటిని తీసికొనెను గాని తల్లి చేయి మాత్రము పట్టుకొనలేదు. కొన్ని నెలల తరువాత ఆ చిత్రమునే చూచి, అప్పుడు నీవు ఎక్కడున్నావని తల్లిని కోపముతో అడిగెను.

బుద్ధిగా ఉన్నదని నర్సులు అనుకొనినది బుద్ధి కాదని, నిరసన, నిరాశ దాటి విముఖత అను మెట్టునకు బిడ్డ చేరినదని రాబర్ట్‌సన్ చెప్పెను. మొదట చిత్రమును చూచిన వైద్యులు మండిపడిరి. కాని 1959లో బ్రిటిష్ ప్రభుత్వము నియమించిన సంఘము, పిల్లల వార్డులలో తలిదండ్రులకు అడ్డు లేకుండ ప్రవేశము ఉండవలెనని సిఫారసు చేసెను.

పాలిచ్చుట వలననే తల్లిపై ప్రేమ పుట్టునన్న ఫ్రాయిడ్ ఊహకు కూడ ఇదే కాలములో దెబ్బ తగిలెను. 1958లో హారీ హార్లో ప్రకటించిన ప్రయోగములో కోతిపిల్లలకు రెండు బొమ్మ తల్లులను ఇచ్చిరి. ఒకటి తీగెలతో చేసినది, దానికి పాలసీసా ఉన్నది. రెండవది మెత్తని గుడ్డ చుట్టినది, పాలు లేవు. పిల్లలు తీగెతల్లి దగ్గర పాలు త్రాగి, మిగిలిన ప్రొద్దంతయు గుడ్డతల్లినే కరచుకొని ఉండెను.

ఎదిగిన తరువాత

ఇంతవరకు చెప్పినది పిల్లల బాధను గురించి. ఆ బాధ పెద్దయిన తరువాత స్వభావముగా నిలుచునా అనునది వేరు ప్రశ్న. ఇచ్చట బౌల్బీయే మొదట ఫ్రాయిడ్ చేసిన తప్పును వేరొక విధముగా చేసెను. 1944లో ఆయన దొంగతనము చేసిన 44 మంది పిల్లలను పరీక్షించెను. వారిలో ఎవరిపైనను మమకారము లేని 14 మందిలో 12 మంది పసితనమున తల్లికి చాలకాలము దూరమైనవారు. దొంగతనము చేయని 44 మంది ఇతర రోగులలో అట్టివారు ఇద్దరే. ఈ అంకెలు చూచిన తల్లిని విడదీయుటయే దొంగను తయారుచేయునని తోచును. కాని లెక్క దొంగల దగ్గర మొదలైనది. పసితనమున తల్లికి దూరమయ్యును దొంగలు కానివారు ఎందరో, వారు వైద్యుని గడప ఎక్కరు కదా. ఎండిన చెట్లను మాత్రమే త్రవ్విచూచి, వేరుపురుగు పట్టిన చెట్లన్నియు ఎండునని చెప్పుట వంటిది ఇది.

లెక్కను బాల్యముననే మొదలుపెట్టి ముందుకు నడువవలెను. క్షయరోగ చికిత్సకై నాలుగేండ్లలోపున ఇల్లు విడిచి శానిటోరియములో ఉన్న 60 మంది పిల్లలను బౌల్బీ బృందము తరువాత వెదకి చూచెను. వారిలో కొందరికి ఇబ్బందులు ఉన్నను అధికసంఖ్యాకులు చెడిపోలేదు. తన మునుపటి మాటలు అతిశయోక్తులని 1956లో బౌల్బీ ఒప్పుకొనెను. తన సిద్ధాంతమునకు ఎదురైన అంకెను తానే అచ్చువేయుట శాస్త్రములో తరచుగా కనబడు దృశ్యము కాదు.

ఆయన సహచరి మేరీ ఎయిన్స్‌వర్త్ మొదట ఉగాండాలోను, తరువాత అమెరికాలోని బాల్టిమోరులోను తల్లీబిడ్డలను ఇండ్లలోనే గమనించెను. ఏడాది నిండిన బిడ్డను కొత్తగదిలో కొన్ని నిముషములు తల్లినుండి విడదీసి, ఆమె తిరిగి వచ్చినపుడు బిడ్డ ఏమి చేయునో చూచుట ఆమె పద్ధతి. ఎక్కువమంది పిల్లలు తల్లిని చేరి ఊరట పొంది మరల ఆటలో పడుదురు. కొందరు ఆమెను చూడనట్లే ఉందురు. కొందరు ఎత్తుకొనినను చల్లారరు. తల్లి అంతకుముందు ఇంట బిడ్డ పిలుపునకు ఎట్లు పలికెడిదో దానితో ఈ తేడాలకు సంబంధము కనబడెను. 1970 దశాబ్దిలో అమెరికాలోని మిన్నెసోటాలో 267 మంది పేద తల్లుల బిడ్డలతో మొదలైన పరిశోధన ఇట్టి పిల్లలను పెద్దవారగువరకు వెంబడించెను. శైశవపు అనుబంధమునకును తరువాతి స్నేహములకు, ఆత్మవిశ్వాసమునకును సంబంధము ఉన్నదని తేలెను. కాని అది అంత గట్టి సంబంధము కాదు. నడుమ కుటుంబములో వచ్చిన మార్పులు, మంచివైనను చెడ్డవైనను, దానిని తారుమారు చేయుచుండెను.

1989లో రుమేనియాలో నియంతృత్వము కూలిన తరువాత, అచ్చటి అనాథశాలల దుర్భర స్థితి లోకమునకు తెలిసినది. అచ్చటనుండి ఇంగ్లండు కుటుంబములు దత్తత చేసికొనిన 165 మంది పిల్లలను మైకేల్ రట్టర్ బృందము దశాబ్దములపాటు పరీక్షించెను. ఆరు నెలలలోపున ఇల్లు దొరకిన పిల్లలు ఇంగ్లండులోనే దత్తుపోయిన పిల్లలవలెనే పెరిగిరి. అంతకు మించి అనాథశాలలో ఉన్నవారిలో పలువురికి ఏకాగ్రతలోను, ఇతరులతో మెలగుటలోను కష్టములు యౌవనము వరకు నిలిచెను. అయినను ఆ రెండవ గుంపులో కూడ సుమారు అయిదింట ఒకవంతు మందికి ఏ వయస్సులోను ఏ ఇబ్బందియు కనబడలేదు. హవాయి ద్వీపములలోని కౌవాయిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ వెంబడించినపుడు, పేదరికము, తాగుడు, కలహము చుట్టుముట్టిన ఇండ్లలో పెరిగిన పిల్లలలో మూడింట ఒకవంతు సమర్థులైన పెద్దలుగా ఎదిగిరి. అట్టివారి వెనుక తల్లియో తండ్రియో కాకున్నను ఒక అవ్వ, ఒక పొరుగువారు, ఒక ఉపాధ్యాయుడు తరచుగా ఉండెను.

కనుక ఫ్రాయిడ్ అడిగిన ప్రశ్న సరియైనదే; బాల్యము ముద్ర వేయుచున్నది. ఆయన చెప్పిన జవాబులో చాలభాగము నిలువలేదు. ముద్ర వేయునది దాగియున్న కోరిక కంటె ఎక్కువగా బిడ్డ చుట్టు నిజముగా జరుగుచున్నది. అది ఒక దినమున జరిగిన గాయము కంటె, దినదినము జరుగు వ్యవహారము. పెద్దవాడు తన బాల్యమును గురించి చెప్పు కథ మాత్రము చాల బలహీనమైన సాక్ష్యము. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్ ప్రకటించిన ప్రయోగములో 24 మందికి వారి చిన్ననాటి నిజ సంఘటనలతోపాటు, బజారులో తప్పిపోయితిరను కట్టుకథను కూడ బంధువులు చెప్పినట్లుగా వ్రాసి ఇచ్చిరి. నాలుగింట ఒకవంతు మందికి అది పూర్తిగానో కొంతయో జ్ఞాపకము వచ్చెను.

ఈ విషయములో హాన్స్ వంటి సాక్షి మరియొకడు లేడు. 1922 వసంతములో పంతొమ్మిదేండ్ల యువకుడొకడు ఫ్రాయిడ్ ఇంటికి వచ్చి తానే చిన్న హాన్స్ నని చెప్పెను. తండ్రి గదిలో ఆ గ్రంథము కంటబడగా చదివెనట. మొదట అది తన కథయని వానికి తెలియనే లేదు. వేసవికి కుటుంబము వెళ్ళిన ఊరి పేరు వచ్చినచోట మాత్రము ఏదో లీలగా తట్టెను. గుఱ్ఱములు, భయము, తండ్రి ప్రశ్నలు, ప్రొఫెసరుగారి మాటలు — ఏదియు జ్ఞాపకము లేదు. తలిదండ్రులు అప్పటికే విడిపోయి వేరు వివాహములు చేసికొనిరి. యువకుడు ఇద్దరితోను సఖ్యముగా ఉండి, ఒంటరిగా బ్రతుకుచుండెను. ముద్దుల చెల్లెలికి దూరమైతినని మాత్రము విచారించెను. అమ్మ తిరిగి రాదేమోనని భయపడిన బాలుని ఇల్లు చివరకు నిజముగనే చెదరిపోయినది.

హెర్బర్ట్ గ్రాఫ్ సంగీత నాటకములకు దర్శకుడయ్యెను. యూదు కుటుంబమువాడు కావున నాజీల కాలములో ఐరోపా విడిచి అమెరికా చేరి, 1936 నుండి న్యూయార్కులోని మెట్రొపాలిటన్ నాటకశాలలో అనేక నాటకములను నడిపించెను. తరువాత జ్యూరిక్‌లోను జెనీవాలోను పనిచేసి, 1973లో జెనీవాలో మరణించెను. అంతకు ఒక సంవత్సరము ముందు ఒక సంగీత నాటక పత్రికకు ఆయన తన జీవితమును గురించి చెప్పినపుడు, దానికి ‘కనబడని మనిషి జ్ఞాపకములు’ అని పేరు పెట్టిరి. అందులో అధికభాగము రంగస్థలమును, గాయకులను, దీపములను గురించినదే. గుఱ్ఱముల ప్రసక్తికి దొరకిన చోటు బహు స్వల్పము.